ఎర్రోడికి ఒంటేలు ఆగినప్పుడు

ఎర్రోడు అనే మా పిల్లి ఇంటికి వచ్చింది పోయినేడు శ్రావణంలో. వీధి చివర కల్వర్టు కింద, మురుగునీళ్ళ అంచున, వెనక కాలికి పుండుతో పడున్నాడు. పుండు నిండా పురుగులు. మా అబ్బాయి గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. పశువుల డాక్టరు గారు పురుగులు ఏరి, కడిగి, ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇరవై రోజులు నా కుట్టుమిషను కింద గుడ్డపీలికల బుట్టలోనే పడుకున్నాడు. నెల తిరిగేసరికి ఎర్రటి బొచ్చు నిగనిగలాడించుకుంటూ గోడలెక్కాడు. అక్కడే వచ్చింది చిక్కు. గోడ అవతల ఒడియావాళ్ళ పెద్దావిడ ఉంది, మావుసీ (పిన్ని) అంటాను, ఆమె కొడుకు చూసి, "ఇది మా మున్నా" అన్నాడు.

పాలు తాగే వయసులో వాళ్ళే పెంచారట. వానల ముందు కనబడకుండా పోయాడట. ఫోన్లో ఫోటో చూపించాడు. నుదుటి మీద గీతలు అవే, తోక చివర తెలుపు అదే. అబద్ధం కాదు. అయినా నాకు ఒళ్ళు మండింది. పురుగులు పట్టినప్పుడు ఏమయ్యాడీ మున్నా సొంతదారు?

మాది పర్లాకిమిడి. ఈ ఊరే ఎవరిదని ఒకప్పుడు తగువు నడిచింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఊరు అటు పోయింది, జమీందారీలో కొంత ముక్క మద్రాసు వైపు మిగిలింది. మాకు ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. కాబట్టి పిల్లి గురించి గోడ దగ్గర అరుచుకోవడానికి మాటలకు కరువు రాలేదు.

మావుసీ కొడుకు వాణ్ణి తీసుకెళ్ళి రెండు రోజులు గదిలో పెట్టి గొళ్ళెం వేశాడు. వాడు వెంటిలేటర్లోంచి దూరి నా దగ్గరకొచ్చాడు. ఈసారి నేను కిటికీలు బిగించాను. మళ్ళీ అతనొచ్చి పట్టుకెళ్ళాడు. వకీలు దగ్గర గుమాస్తాగా చేసే బాబాయి ఒకాయన, 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో యజమాని అంటే సొంతదారు ఒక్కడే కాదు, ప్రస్తుతం జంతువు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు కూడా, అసలాయన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, అని చెప్పారు. నేను గెలిచానని సంబరపడి ఆ ముక్క గోడవతలికి వినబడేలా రెండుసార్లు చెప్పాను.

కార్తీకంలో ఒక శుక్రవారం ఎర్రోడు ఇసుక తొట్టిలోకి దిగడం, కూర్చోవడం, లేవడం, మళ్ళీ దిగడం మొదలెట్టాడు. మలబద్ధకం అనుకుని అన్నంలో నెయ్యి వేసి పెట్టాను. చాలామంది చేసే పొరపాటు ఇదేనట. దొడ్డికి ముక్కుతున్నాడో ఒంటేలుకి ముక్కుతున్నాడో చూడ్డానికి ఒకలాగే ఉంటుంది. ఇసుక తడిసిందా లేదా అని చూడాలి. నేను చూడలేదు. రాత్రి కింద నాక్కుంటూ పసిపిల్లలా ఏడ్చాడు. తెల్లారి పచ్చగా కక్కి బీరువా వెనక దూరాడు. బయటికి తీసి పొట్ట తడిమితే లోపల నిమ్మకాయంత గట్టిగా ఏదో తగిలింది.

ఏడుపు విని మావుసీ కొడుకు వచ్చాడు, చేతిలో సగం విరిచిన పారాసిటమాల్ బిళ్ళతో. "జ్వరం ఉంటాది, ఇది ఏసీ." నాకు ఆ బిళ్ళ సంగతేమీ తెలీదు. అతనిస్తున్నాడన్న కోపంతోనే చెయ్యి తోసేశాను. పిల్లి ఒంట్లో ఆ మందు విరిగే ఏర్పాటు లేదని, రక్తం ఆక్సిజన్ మొయ్యడం మానేస్తుందని, సగం బిళ్ళ చాలు ప్రాణం తియ్యడానికని డాక్టర్లు తర్వాత చెప్పారు. నా పంతం వాడి ప్రాణం కాపాడిన సందర్భం అదొక్కటే.

మా ఊరి డాక్టరు గారు చెయ్యి వేసి చూడగానే, "మూత్రం బందైంది. మగపిల్లికి ఆ దారి చివర దారంత సన్నం. ఇసుకలాంటి రాళ్ళో, జిగటో అడ్డుపడుతుంది" అన్నారు. ఆవులు మేకలు వచ్చే ఆసుపత్రి, అంత సన్న గొట్టం ఆయన దగ్గర లేదు. "విశాఖ పట్టుకుపోండి. రేపన్న మాట వద్దు. ఒంటేలు దిగకపోతే పొటాషియం రక్తంలో పెరిగిపోయి గుండె ఆగుతుంది."

తెలిసినవాళ్ళ కారు మాట్లాడాం. బయల్దేరుతుంటే మావుసీ వచ్చి కొంగు ముడి విప్పి అయిదు వందల నోటు నా చేతిలో పెట్టింది. ఏమీ అనలేదు. ఆమె కొడుకు అడక్కుండానే ముందు సీట్లో కూర్చున్నాడు. పాతపట్నం, సారవకోట, నరసన్నపేట దాటేదాకా కారులో ఎవరూ మాట్లాడలేదు. బుట్టలో వాడి ఏడుపు కూడా ఆగిపోయింది. అది ఇంకా భయం.

విశాఖలో గుండె చూసిన డాక్టరమ్మ ముఖం మారింది. పిల్లి గుండె ఆస్పత్రి బల్ల మీద నిమిషానికి నూట అరవై పైనే కొట్టుకోవాలట, వీడిది వందకి దిగింది. కిడ్నీల పని ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ రక్తంలో రెండు లోపు ఉండాల్సింది తొమ్మిది. ముందు సెలైన్, గుండెకి కాల్షియం, ఆ తర్వాత మత్తు. కాగితం ముందుకు తోసి, "ఓనర్ సంతకం" అన్నారు.

నెల రోజులు ఆ మాట కోసం కొట్టుకున్న మేమిద్దరం పెన్ను వైపు చూస్తూ నిలబడ్డాం. మత్తులో పోతే మాది బాధ్యత కాదు అని రాసుందందులో. అతను నా వైపు జరిపాడు. నేను అతని వైపు జరిపాను. చివరికి నేను పెట్టాను. "దీదీ, నా పేరు కూడా రాయండి" అన్నాడు. రాశాను.

గొట్టం ఎక్కించగానే నెత్తురు కలిసిన ఒంటేలు సిరంజిల కొద్దీ లాగారు. గొట్టాన్ని కుట్టేసి, మెడకి ప్లాస్టిక్ గరాటు కట్టి మూడు రోజులు ఉంచారు. అడ్డు తీశాక విపరీతంగా పోస్తాడట, అంతకంత సెలైన్ పెట్టకపోతే ఎండిపోతాడట. మేం వంతులు వేసుకుని బెంచీ మీద పడుకున్నాం. రెండో రోజు రాత్రి అతను చిన్నప్పటి సంగతి చెప్పాడు. మున్నాని తెచ్చింది వాళ్ళ నాన్నట. ఆయన పోయిన వారానికే వాడు కనబడకుండా పోయాడట. నెల్లాళ్ళు గోడ దగ్గర అరిచిన మనిషి ఈ ముక్క ఒక్కసారి చెప్పి ఉంటే బావుండేది. నేనూ అడిగింది లేదు.

మూడో రోజు డాక్టరమ్మ అడిగింది: "రాళ్ళేమీ కనబడలేదు. పిల్లులకి టెన్షన్ పెరిగినా మూత్రసంచి వాస్తుంది. ఇంట్లో ఈ మధ్య మార్పులేమైనా? చోటు మార్చడం, గదిలో పెట్టడం?" మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. "అంటే, కొంచెం" అన్నాను.

పదకొండు వేల చిల్లర అయింది. ఇద్దరం పంచుకున్నాం. ఇంటికొచ్చాక మొదటి వారం అసలు గండం. చాలా పిల్లులకి ఆ రోజుల్లోనే మళ్ళీ అడ్డుపడుతుందట. ఎండు మేత బంద్, తడి తిండే. ఇంట్లో మూడు చోట్ల నీళ్ళ గిన్నెలు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి తగలని చేప ఉడికించి ఆ నీళ్ళతో సహా పెట్టాలి. మావుసీకి అప్పుడు హబిస, అంటే ఒడియావాళ్ళ కార్తీక వ్రతం. వాళ్ళ కార్తీకం మా కంటే పదిహేను రోజుల ముందే మొదలవుతుంది, పున్నమి దాకా నీచు ముట్టదు. అయినా పెరట్లో వేరే పొయ్యి పెట్టి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వాడికి చేప ఉడికించింది. ఆమె కొడుకు మహేంద్రతనయ ఏటి ఇసుక జల్లెడ పట్టి రెండు తొట్లు నింపాడు. ఒకటి వాళ్ళకి, ఒకటి మాకు. గొళ్ళేలు తీసేశాం.

అయిదో రాత్రి మళ్ళీ తొట్టిలో కూర్చుని లేచాడు. నా ఒళ్ళు చల్లబడింది. టార్చి వేసి చూస్తే రూపాయి బిళ్ళంత తడి. వేలితో తాకి చూశాను కూడా, చెప్పడానికి సిగ్గెందుకు. గంట తర్వాత ఇంకో తడి ఇసుక ఉండ, ఈసారి నిమ్మకాయంత. కూర్చుని ఏడ్చాను.

ఇప్పుడు ఏడు నెలలు దాటింది. వాడు గోడ మీద పడుకుంటాడు, ఇటు ఎర్రోడు, అటు మున్నా. రెంటికీ పలకడు, చేప వాసనకి పలుకుతాడు. రాత్రి తొమ్మిదింటికి అవతల నించి మావుసీ కేకేస్తుంది, "ఓ ఝియా (అమ్మాయీ), నీ తొట్లో ఎన్ని?"

"రెండు, మావుసీ."

"నా దగ్గరొకటి. సరిపోయింది, పడుకో."