నెలకు పద్నాలుగు వేలా, కిలోమీటరుకు పదకొండా?

2025 మార్చి నెలాఖరున మా కంపెనీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అంతవరకు పొలాలు తిరగడానికి అద్దె కారు, డ్రైవరు కంపెనీయే ఇచ్చేది. ఇక ఆ ఏర్పాటు ఉండదు, ఎవరి కారు వారే వాడుకోవాలి. అందుకు నెలకు 14,000 రూపాయల కారు అలవెన్సు తీసుకుంటారా, తిరిగిన కిలోమీటరుకు 11 రూపాయల చొప్పున తీసుకుంటారా వారంలోగా చెప్పమన్నారు. ఒకసారి చెప్పాక ఏడాదిదాకా మార్చుకునే వీలు లేదు.

నేను విత్తనాల కంపెనీలో పనిచేస్తాను, హనుమకొండలో ఉంటాను. మిర్చి, మొక్కజొన్న, పత్తి రకాలు రైతుల పొలాల్లో డెమో ప్లాట్లుగా వేయించి, మొలక దగ్గర నుంచి కోత వరకు చూసుకోవడం నా పని. ఒక దిక్కు నర్సంపేట, ఒక దిక్కు పరకాల, భూపాలపల్లి. ములుగు యాభై కిలోమీటర్లు, ఏటూరునాగారం వెళ్లాలంటే దానికి రెట్టింపు. మధ్యలో తారు రోడ్డు దిగి రేగడి బాటల మీద పోయేవి లెక్కకు రావు.

ఉత్తరం వచ్చిన సాయంత్రమే మా వాట్సాప్ గ్రూపులో పద్నాలుగు వేలకే ఓట్లన్నీ పడ్డాయి. బిల్లులు పెట్టే పని లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు, జీతంతో పాటు ఖాతాలో పడుతుంది. ఇల్లు కట్టుకుంటున్న ఒకాయనకు ఇంకో కారణం ఉంది. అలవెన్సు అయితే జీతం చీటీలో కనిపిస్తుంది, బ్యాంకువాళ్లు గృహరుణానికి ఆదాయం కింద చూస్తారు. కిలోమీటర్ల డబ్బు ఖర్చు తిరిగి ఇచ్చినట్టే కాబట్టి రుణం లెక్కలో దానికి విలువ లేదు. ఆ మాట నిజమే. ఆయన స్థితిలో ఉంటే నేనూ అలాగే ఆలోచించేదాన్నేమో.

నాకు మాత్రం అంకెలు కాగితం మీద పెట్టందే నిద్ర పట్టదు. మా ఆయన డైనింగ్ టేబుల్ మీద క్యాలెండర్ వెనక పేజీ పరిచి, "కారు ఇంటి ముందు నిలబడి ఉన్నా అయ్యే ఖర్చు ఒక పక్క, కదిలితేనే అయ్యే ఖర్చు ఇంకో పక్క రాయి" అన్నారు. గుమాస్తా ఉద్యోగం ఆయనది, గీతలు గీయనిదే మాట్లాడరు. ఈసారి ఆ అలవాటు పనికొచ్చింది. బీమా, కారు వాయిదా, కొన్నప్పుడు కట్టిన జీవితకాల పన్ను, ఇవన్నీ కారు కదిలినా కదలకపోయినా ఉండేవే. ఏది ఎంచుకున్నా మారవు. మారేదల్లా కదిలితే అయ్యేది. మా స్విఫ్ట్ ఈ రోడ్ల మీద లీటరుకు పదిహేడు ఇస్తుంది. పెట్రోలు అప్పుడు ఇక్కడ 107 రూపాయల చుట్టూ ఉండేది, అంటే పెట్రోలుకే కిలోమీటరుకు ఆరు రూపాయల ముప్పై పైసలు. సర్వీసింగుకు డెబ్బై పైసలు, టైర్ల అరుగుదలకు అర్ధరూపాయి వేసుకున్నాం. ఇక ఎవరూ లెక్కలోకి తీసుకోనిది, రేపు అమ్మబోతే మీటరు చూసి కొనేవాడు తగ్గించే ధర. దానికి రూపాయిన్నర. మొత్తం తొమ్మిది.

ఆ తొమ్మిది తేలాక మిగతాదంతా సులువైంది. కిలోమీటర్ల పద్ధతిలో తిరిగిన ప్రతి కిలోమీటరుకూ నాకు రెండు రూపాయలు మిగులుతాయి, బీమాకో వాయిదాకో సాయపడతాయి. అలవెన్సులో ప్రతి కిలోమీటరుకూ నా పద్నాలుగు వేలలోంచి తొమ్మిది పోతాయి. వానాకాలం నాట్లు మొదలైతే నెలకు రెండు వేల రెండు వందల కిలోమీటర్లు నాకు మామూలు. అలవెన్సు తీసుకుని అంత తిరిగితే 19,800 ఖర్చు, అంటే నెలకు 5,800 చేతి చమురు. అదే ఏప్రిల్, మే నెలల్లో పొలాలు ఖాళీగా ఉన్నప్పుడు కారు పెద్దగా కదలదు, అలవెన్సు దాదాపు మొత్తం మిగులుతుంది. ఏడాది మొత్తానికి పంతొమ్మిది వేల కిలోమీటర్లు వేసి చూస్తే, అలవెన్సులో మూడు వేలు నష్టం, కిలోమీటర్లలో ముప్పై ఎనిమిది వేలు మిగులు.

కరీంనగర్‌లో నా ఉద్యోగమే చేసే తమ్ముడికి ఇదే లెక్క తిరగబడింది. అతని ప్రాంతం హుజూరాబాద్, జమ్మికుంట, మానకొండూరు. ఊళ్లన్నీ దగ్గర దగ్గర. నెలకు ఏడు వందల కిలోమీటర్లు దాటడు. అలవెన్సులో అతనికి నెలకు 7,700 మిగులుతుంది, కిలోమీటర్లలో అయితే 1,400. "అక్కా, నువ్వు అడవి చూసుకో, నేను అలవెన్సు చూసుకుంటా" అన్నాడు ఫోనులో. జమ్మికుంట పత్తి మార్కెట్‌కు బైకు మీద పోయి వస్తూ కారును కవరు కప్పి ఉంచుతున్నాడని తర్వాత తెలిసింది. నిబంధనల్లో కారు ఉండాలన్నారే గాని కదలాలని రాయలేదు.

నన్ను కదిలించింది డబ్బు కంటే ఇంకో సంగతి. అలవెన్సు తీసుకున్న మనిషికి దూరపు ఊరు బరువు అనిపించడం మొదలవుతుంది. తాడ్వాయి అవతల ఒక రైతు ఫోన్ చేసి మిర్చి ఆకు ముడుచుకుపోతోంది అంటే, ఫోటో పంపండి చూస్తాను అనేస్తాం. ఫోటోలో తామర పురుగూ నల్లీ ఒకలా కనిపిస్తాయి. పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని అందరికీ తెలిసిందే గాని, రెండూ కలిసి పట్టిన మడిలో ఆకు తిరగేసి భూతద్దం పెడితే తప్ప ఏది ముందో తేలదు. తేలకుండా మందు చెబితే రైతు డబ్బు పోతుంది, మా రకం పేరూ పోతుంది. ఆ మడి దాకా వెళ్లాలా వద్దా అని నేను లోలోపల తొమ్మిదితో హెచ్చించుకునే పరిస్థితి ఉండకూడదు అనుకున్నాను. కంపెనీ పెద్దలకు కూడా ఇదే చెప్పాను. అలవెన్సు ఇస్తే మీకు ఖర్చు ముందే తెలుస్తుంది, నిజమే, కాని ఏ ఊరు తగ్గిపోయిందో తెలియదు.

పన్ను సంగతి వినగానే అనుమానమంతా పోయింది. హనుమకొండ సుబేదారిలో మాకు తెలిసిన ఆడిటర్ గారు ఉన్నారు. అలవెన్సు మీద పన్ను పడుతుందని నాకూ తెలుసు గాని ఇంత పడుతుందని తెలియదు. 2025 బడ్జెట్ తర్వాత ఆదాయపు పన్ను కొత్త విధానంలో 12 లక్షల వరకు పన్ను లేదు, జీతగాళ్లకు 75,000 ప్రామాణిక తగ్గింపు కలిపితే 12,75,000. నా జీతం 11,60,000, కాబట్టి పన్ను సున్నా. దానికి ఏడాది అలవెన్సు 1,68,000 కలిపితే 13,28,000 అవుతుంది, 75,000 పోగా 12,53,000. గీత దాటేశాను. శ్లాబుల ప్రకారం 67,950 రావాలి, కాని గీత కొద్దిగా దాటినవాళ్లకు దాటిన మొత్తాన్ని మించి పన్ను వేయకూడదన్న వెసులుబాటు ఉంది కాబట్టి 53,000. దాని మీద 4 శాతం సెస్సు కలిపి 55,120 రూపాయలు. నెలకు పద్నాలుగు వేలు ఇచ్చి అందులో నాలుగున్నర వేలు వెనక్కి తీసుకున్నట్టు. నా జీతం పదకొండు లక్షల లోపు ఉంటే ఈ గొడవే లేదు, అలవెన్సు కలిపినా పన్ను సున్నానే. అందుకే పక్క సీటువాడికి లాభించింది మనకూ లాభిస్తుందనుకోకూడదు అన్నారు ఆడిటర్ గారు.

ఉద్యోగ పని మీద తిరగడానికని ఇచ్చే రవాణా భత్యానికి, నిజంగా ఖర్చయినంత మేరకు కొత్త విధానంలోనూ మినహాయింపు ఉంది కదా అని అడిగాను. ఉంది. అప్పట్లో అమల్లో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 10(14) సెక్షన్ అదే. అయితే ఆ పనికోసమే ఇచ్చిన భత్యమై ఉండాలి, ఖర్చు చూపాలి. మా కంపెనీ దాన్ని బిల్లులు లేని మామూలు కారు అలవెన్సుగా జీతంలో కలిపేస్తుంది. ఖర్చు చూపాలంటే ఎక్కడికి వెళ్లాను, ఎంత తిరిగాను అని పుస్తకం రాయాలి. "పుస్తకం ఎలాగూ రాయాల్సిందే అయినప్పుడు కిలోమీటర్లకే రాయమ్మా, డబ్బు కూడా దాని ప్రకారమే వస్తుంది" అన్నారాయన. అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు. ఫీజు తీసుకోలేదు, కాని కొత్త మిర్చి రకం గింజలు అడిగారు.

ఆ పుస్తకం గురించి కొంచెం చెప్పాలి. తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎందుకు, మొదటి రీడింగ్, చివరి రీడింగ్, టోలు. సొంత కారుకు కంపెనీ డబ్బిస్తే, అది పూర్తిగా ఆఫీసు పనికే అని చూపడానికి నిబంధనలు అడిగేది ఇదే, దానితో పాటు యజమాని ధ్రువపత్రం. ఇవి లేకుండా సొంత పనీ ఆఫీసు పనీ కలిపేస్తే, 2025-26 నాటి నిబంధనల ప్రకారం 1.6 లీటర్ల లోపు ఇంజనుకు నెలకు 1,800 రూపాయలే ఆఫీసు వాటాగా తీసేసి మిగతాది జీతంలో కలిపేవారు. అందుకని తొర్రూరులో అత్తగారింటికి పోయిన ఆదివారాలను నేను ఎర్ర సిరాతో రాస్తాను. ఆఫీసు కిలోమీటర్లు నీలం. ఇంటి నుంచి ఆఫీసుకు పోయేది కూడా ఎరుపే, అది సొంత ప్రయాణం కిందికే వస్తుంది. పొద్దున నేరుగా పొలానికి పోయే రోజు ఇంటి నుంచే లెక్క మొదలుపెట్టవచ్చని రాతపూర్వకంగా తీసుకున్నాను. నోటి మాట మీద వదిలేసి ఉంటే ఈపాటికి తడిసి మోపెడయ్యేది.

టోలు విడిగా, పార్కింగ్ విడిగా ఇవ్వాలని అడిగాను, ఒప్పుకున్నారు. పెట్రోలు అయిదు రూపాయలు పెరిగినా తగ్గినా రేటు మార్చాలని అడిగాను, చూద్దాం అన్నారు.

బీమా కాగితం కూడా అప్పుడే మొదటి పేజీ నుంచి చదివాను. ప్రైవేటు కారు పాలసీలో కిరాయికి తిప్పకూడదు, సరుకు మోయకూడదు అని ఉంటుంది. నమూనాలు మాత్రం తీసుకుపోవచ్చు. నేను డిక్కీలో తీసుకుపోయే గింజల ప్యాకెట్లు నమూనాలే. కాని డీలర్లు "మేడమ్, ఎలాగూ ఆ దారినే పోతున్నారు కదా" అని నాలుగు బస్తాలు ఎక్కించబోతారు. అప్పటి నుంచి ఎవరికీ డిక్కీ తీయడం లేదు. 2023 జూలైలో నయీంనగర్ నాలా పొంగినప్పుడు మా వీధిలోనే కార్లు మునిగాయి. ఇంజనులోకి నీళ్లు పోతే మామూలు పాలసీ సరిపోదు, దానికి విడిగా కట్టాలి. కట్టాను. ఆ ఖర్చు ఏ పద్ధతిలోనూ నాకు తిరిగి రాదు.

వానాకాలం ఎలాగో గడిచింది. లెక్కల విభాగంతో ఒకే ఒక్క పేచీ వచ్చింది. భూపాలపల్లి వైపు వాగు రోడ్డెక్కిన రోజు ములుగు మీదుగా చుట్టి వచ్చాను. మ్యాపులో చూపే దూరం కంటే మీరు చాలా ఎక్కువ రాశారు అని అక్కడి కుర్రాడు ఎర్రజెండా పెట్టాడు. హైదరాబాద్‌లో కూర్చుని చూస్తే వాగు కనిపించదు మరి. 2023లో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరే మునిగిన సంగతి చెప్పి, ఆ రోజు రోడ్డు మూసిన ఫోటో పంపాను. అప్పటి నుంచి దారి మళ్లితే ఫోటో చాలు అన్నారు. ఆ కుర్రాడు మంచివాడే, అతని ముందున్న కంప్యూటర్‌కే వానల సంగతి తెలియదు.

ఇప్పుడు మిగిలింది ఫాస్టాగ్ గొడవ. నెలనెలా సమీక్షకు హైదరాబాద్ పోతాను, కోమళ్ల టోలు దాటాలి. 2025 ఆగస్టు 15 నుంచి 3,000 రూపాయలకు ఏడాది పాస్ వచ్చింది, జాతీయ రహదారుల మీద ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. కంపెనీకి కూడా డబ్బు ఆదా అవుతుంది కదా అని తీసుకున్నాను. తీసుకున్నాక ఏ ట్రిప్పుకీ టోలు రశీదు పుట్టదు. రశీదు లేనిదే టోలు ఇవ్వరట. పాస్ రశీదు పెడితే, సొంత ప్రయాణాలకు కూడా పనికొస్తుంది కాబట్టి అది ఏ పద్దు కింద వేయాలో తేలలేదన్నారు. ఎర్ర సిరా ట్రిప్పులు తీసేసి మిగతా వాటా ఇవ్వండి, పుస్తకం మీ దగ్గరే ఉంది అని రాశాను. జవాబు కోసం చూస్తున్నాను.