మసాక్ర్ వీధిని వెతుక్కుంటూ

పారిస్‌లోని సెంట్ లజార్ స్టేషన్‌లో ఉదయం రైలెక్కితే గంటన్నరలో రువాన్ చేరుకోవచ్చు. ఈ నార్మండీ పట్టణానికి వచ్చేవారిలో చాలామంది 1431లో జోన్ ఆఫ్ ఆర్క్‌ను సజీవదహనం చేసిన పాత మార్కెట్ కూడలినీ, క్లోద్ మోనే పదేపదే చిత్రించిన కెథెడ్రల్‌నూ చూసుకుని వెనుదిరుగుతారు. నేను వెళ్లింది మాత్రం ఎప్పుడో మూతపడిన ఒక రికార్డుల దుకాణం జాడ కోసం.

స్టేషన్ నుంచి పల్లంలోకి దిగి ఎడమకు తిరిగితే గ్రో ఒర్లోజ్ అనే పాత గడియారపు కమాను కనిపిస్తుంది. ఆ గడియారానికి గంటల ముల్లు ఒక్కటే ఉంటుంది. దాని పక్కనే ఉన్న మసాక్ర్ వీధి ఎంత చిన్నదంటే, నేను మొదట గమనించకుండా దాటిపోయి, వానలో తడుస్తూ మళ్లీ వెనక్కి రావలసి వచ్చింది. 1970లలో లియోనెల్ హెర్మానీ నడిపిన 'మెలోడీ మసాక్ర్' దుకాణం ఈ వీధిలోనే ఉండేది. అది రికార్డులు అమ్మడంతో సరిపెట్టుకోకుండా, ఊళ్లోని కుర్రాళ్ల పాటలను తానే రికార్డులుగా వేసింది. ఇంగ్లండ్‌కు ఓడలు వెళ్లే దియెప్ రేవు ఇక్కడికి అరవై కిలోమీటర్ల దూరమే కనుక, పారిస్ వైపు కంటే లండన్ వైపే ఈ ఊరి కుర్రాళ్ల చెవులు ఉండేవంటే ఆశ్చర్యం లేదు.

1973లో ఇక్కడ మొదలైన 'డాగ్స్' రాక్ బృందం తొలి చిన్న రికార్డు 1977లో ఈ దుకాణం పేరు మీదే వచ్చింది. గాయకుడు దొమినిక్ లబూబే ఎక్కువగా ఇంగ్లీషులోనే పాడేవాడు. వారు మరుగున పడడానికి ఆ పట్టుదలే చాలావరకు కారణమని నాకనిపిస్తుంది: ఫ్రెంచివారికి అది పరాయి భాష, ఇంగ్లీషువారికేమో అలాంటి బృందాలు వీధికొకటి ఉండనే ఉన్నాయి.

అదే ఊరి 'ఒలివెన్‌స్టైన్స్' ఫ్రెంచిలో పాడినా నిలదొక్కుకోలేదు. మత్తుమందులకు బానిసలైనవారికి చికిత్స చేసే ప్రసిద్ధ మనోవైద్యుడి పేరును కొద్దిగా మార్చి తమ బృందానికి పెట్టుకున్నారు. 1979లో మూడు పాటల రికార్డు వేశారు. ఆ పేరు తెచ్చిన చిక్కుల మధ్య 1980లో విడిపోయారు. ఆ మూడింటిలో ఒక పాట పల్లవి 'ఏ పనీ చేయనందుకు గర్విస్తున్నాను' అంటుంది. మనవాళ్లు తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు అని ఎత్తిపొడిచే మనిషి, ఎదురు తిరిగి ఛాతీ విరుచుకుని పాడితే ఇలాగే ఉంటుంది.

వీధిలో ఆ దుకాణాన్ని గుర్తు చేసే ఆనవాలేదీ నాకు కనిపించలేదు. కొంచెం దూరంలో పాత రికార్డులమ్మే ఒక పెద్దాయన, నేను పేరు చెప్పగానే మాట్లాడకుండా లోపలికి వెళ్లి, ప్లాస్టిక్ తొడుగులో ఉన్న ఒలివెన్‌స్టైన్స్ అసలు ప్రతిని రెండు చేతులతో తెచ్చి చూపించారు. అట్ట అంచులు మెత్తబడి, ఒక మూల పసుపు మరక పట్టి ఉంది. ధర విన్నాక దాన్ని అంతే జాగ్రత్తగా తిరిగిచ్చి, డాగ్స్ పాటల పునర్ముద్రణ ఒకటి తీసుకున్నాను. డబ్బు తీసుకుంటూ ఆయన, లబూబే 2002లో పాడడానికి అమెరికా వెళ్లి అక్కడే కన్నుమూశాడని నెమ్మదిగా చెప్పారు. ఆ సంగతి నేనెరిగినదే అయినా, ఆయన నోట మొదటిసారి విన్నట్టుగా తలూపాను.

ఫోన్‌లో చార్జి అయిపోవడంతో, నిమిషాలు చూపని ఆ గడియారాన్ని నమ్ముకుని బయలుదేరి రైలు అందుకోలేకపోయాను. తరువాతి రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని, ఇంట్లో రికార్డు ప్లేయరైనా లేని నేను, అట్ట వెనుక ఉన్న పాటల పేర్లను ఒక్కొక్కటే చదువుకున్నాను.