నెల్లూరులో కూర్చుని ఓక్లహోమా లెక్కలు

2025 జూన్ చివర

ఓక్లహోమా సిటీ థండర్ ఏడో మ్యాచ్‌లో ఇండియానా పేసర్స్‌ను ఓడించి అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ టైటిల్ గెలిచింది. 2021-22లో ఇదే జట్టు 24 గెలిచి 58 ఓడింది. ఆ సీజన్‌లోనే మెంఫిస్ చేతిలో 73 పాయింట్ల తేడాతో చిత్తయింది. లీగ్ చరిత్రలో అంతకంటే పెద్ద ఓటమి లేదు. మూడేళ్లు తిరిగేసరికి 68 గెలుపులు, 14 ఓటములు. ఇది ఎలా జరిగిందో జమాఖర్చుల్లో చూడాలనిపించింది. పగలంతా వేదాయపాలెంలో రొయ్యల మేత డీలరు దగ్గర లెక్కలు రాసేవాడికి రాత్రిపూట కూడా లెక్కలే కాలక్షేపం కావడం మా ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు.

షీటులో మొదట పెట్టిన గళ్లు ఇవి: ఆటగాడు, వయసు, ఎలా వచ్చాడు, జీతం, ఒప్పందం ముగిసే సీజన్. జీతాలు స్పాట్రాక్ సైటులోనూ, గెలుపోటములు బాస్కెట్‌బాల్ రిఫరెన్స్‌లోనూ దొరుకుతాయి. ఎవరైనా ఇలాంటి షీటు మొదలుపెడితే జీతాన్ని డాలర్లలో రాయవద్దు, ఆ సీజన్ శాలరీ క్యాప్‌లో (ఒక జట్టు జీతాల మొత్తానికి లీగ్ పెట్టే పరిమితి) ఎంత శాతమో రాయండి. క్యాప్ 2024-25లో 14.06 కోట్ల డాలర్లు, 2025-26లో 15.46 కోట్లు. ఏటా పెరిగే పరిమితి ముందు డాలర్ల అంకెను పట్టుకుంటే ఏ రెండు సీజన్లనూ పోల్చలేం.

‘ఎలా వచ్చాడు’ గడి నింపుతుంటే ఆసక్తి పెరిగింది. షే గిల్జియస్-అలెగ్జాండర్ 2019లో పాల్ జార్జ్‌ను క్లిప్పర్స్‌కు ఇచ్చినప్పుడు వచ్చాడు. ఆ బేరంలోనే వచ్చిన డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) హక్కుల్లో ఒకటి 2022లో పన్నెండో స్థానమై జేలెన్ విలియమ్స్ చేతికొచ్చాడు. లూ డోర్ట్‌ను డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ తీసుకోలేదు. కరూసో కోసం గిడ్డీని ఇచ్చారు. హార్టెన్‌స్టైన్‌ను డబ్బు పెట్టి తెచ్చుకున్నారు. ఎక్కువ ఓడిన జట్టుకు డ్రాఫ్ట్‌లో ముందు వంతు దక్కే అవకాశం ఎక్కువ. అయినా ముఖ్యులలో ఓటముల పుణ్యమా అని నేరుగా వచ్చింది చెట్ హోమ్‌గ్రెన్ ఒక్కడే, 2022లో రెండో ఎంపికగా. ఓడితే చాలు, జట్టు తయారవుతుందనే వాదన ఈ గడి దగ్గరే వీగిపోతుంది.

జూలై

డ్రాఫ్ట్‌లో ఎవరి వంతు ముందో తేల్చే లాటరీని ఇంట్లోనే తీసి చూశాం. తంబోలా బిళ్లల్లో 1 నుంచి 14 వరకు సంచిలో వేసి నాలుగు తీయాలి. వరుసతో పనిలేదు. మొత్తం 1001 కలయికలు వస్తాయి; 11-12-13-14ను లెక్కలోంచి తీసేస్తే సరిగ్గా వెయ్యి. అట్టడుగు మూడు జట్లకు తలా 140, నాలుగో జట్టుకు 125, అలా తగ్గుతూ పద్నాలుగో జట్టుకు 5. షీటులో 1-2-3-4 నుంచి వరుసగా పేర్చి, పక్క గడిలో జట్టు పేరు రాసుకుంటే వెతకడం తేలిక. విజేత తేలగానే బిళ్లలు మళ్లీ సంచిలో వేయాలి; గెలిచిన జట్టే మళ్లీ వస్తే ఆ తీత చెల్లదు. ఇలా మొదటి నాలుగు స్థానాలే తీస్తారు, మిగతావి ఓటముల వరుసలో పోతాయి.

కావలి నుంచి వచ్చిన మా బావ రొయ్య పిల్లల వ్యాపారి. కాసేపు చూసి, “ఓడినవాడికే చీటీలు ఎక్కువా? అయితే అందరూ ఓడుతూ కూర్చుంటారు కదయ్యా!” అన్నాడు.

“అందుకే 2019 నుంచి అట్టడుగు జట్టు అవకాశాన్ని 25 శాతం నుంచి 14కు దించారు బావా” అన్నాను. అడుగున నిలిచిన జట్టు ఐదో స్థానానికి జారే అవకాశమే 47.9 శాతం. డెట్రాయిట్ 2023లోనూ 2024లోనూ అట్టడుగునే ఉంది, రెండుసార్లూ ఐదో స్థానమే దక్కింది. 2025లో 1.8 శాతం అవకాశమున్న డల్లాస్‌కు మొదటి స్థానం తగిలింది.

“వైరస్ తగిలిన చెరువును మేమూ ఎండగడతాం, సున్నం చల్లుతాం. ఎండగట్టడమే పంట అనుకునేవాణ్ణి మాత్రం ఇంతవరకు చూడలేదు” అన్నాడు బావ.

ఆగస్టు

కొత్త గడి: ‘బిల్లు వచ్చే సీజన్’, అంటే ఆటగాడి పెద్ద జీతం మొదలయ్యే సీజన్. షీటు మొత్తంలో పనికొచ్చే గడి ఇదేనని ఇప్పుడు నా నమ్మకం.

డ్రాఫ్ట్ మొదటి రౌండులో ఎంపికైన ఆటగాడి తొలి ఒప్పందం నాలుగు సీజన్లు. మొదటి రెండూ ఖాయం, తర్వాతి రెండూ జట్టు ఇష్టం (ఆ గళ్లకు పసుపు రంగు వేశాను). ఆ నాలుగేళ్లు ఎంత బాగా ఆడినా జీతం దాదాపు ముందే రాసిపెట్టి ఉంటుంది. 2025-26లో జేలెన్ విలియమ్స్ జీతం క్యాప్‌లో 4 శాతం చిల్లర, హోమ్‌గ్రెన్‌ది 9 శాతం, షేది 25కు కాస్త తక్కువ. ముగ్గురికీ కలిపి 38 శాతం. ఈ జూలైలో ముగ్గురూ కొత్త ఒప్పందాలకు ఒప్పుకున్నారు. 2026-27లో జేలెన్, హోమ్‌గ్రెన్ చెరో 25 శాతం దగ్గర మొదలవుతారు. 2027-28లో షే జీతం 35 శాతానికి చేరుతుంది. అంటే అదే ముగ్గురికి రమారమి 85 శాతం.

సొంత ఆటగాళ్లను నిలుపుకోవడానికి క్యాప్ దాటవచ్చు. కానీ 2023లో లీగ్, ఆటగాళ్ల సంఘం చేసుకున్న ఒప్పందం పెట్టిన ‘రెండో ఏప్రన్’ అనే గీత ఉంది: 2025-26లో 20.78 కోట్ల డాలర్లు, క్యాప్‌కు 134 శాతం. అది దాటిన జట్టు ఇద్దరి జీతాలు కలిపి ఒకరిని తెచ్చుకోలేదు. ఏడేళ్ల తర్వాతి మొదటి రౌండు హక్కును అమ్ముకోలేదు. ఈ నిష్పత్తి ఇలాగే ఉంటే పదిహేను మందిలో మిగిలిన పన్నెండుగురికి క్యాప్‌లో సగానికి కాస్త తక్కువే మిగులుతుంది. థండర్ జనరల్ మేనేజర్ శామ్ ప్రెస్టీ ఇన్ని డ్రాఫ్ట్ హక్కులు దగ్గర పెట్టుకున్నది మరో షే కోసం అని చాలామంది అంటారు. నాకు మాత్రం అవి చౌకగా దొరికే ఏడో, ఎనిమిదో ఆటగాళ్ల కోసమే అనిపిస్తుంది.

కరూసో, హార్టెన్‌స్టైన్ 2024లో ఎందుకు వచ్చారో కూడా ఈ గడే చెబుతోంది. అప్పటికే 57 మ్యాచ్‌లు గెలిచిన జట్టుకు ఏమి తక్కువో తెలుసు. పిల్లల జీతాలు ఇంకా చిన్నవే. అనుభవజ్ఞులను కొనడానికి రెండేళ్ల సందు కనిపించింది, కొన్నారు. అంతకుముందే కొని ఉంటే ఎవరితో ఏ పనో తెలియకుండానే డబ్బు పోయేది.

సెప్టెంబరు

షీటులో హూస్టన్ జట్టు వరుస కలిపాను. 2022-23లో 22 గెలుపులు. ఆ వేసవిలోనే కోచ్ ఉడోకా, వాన్‌వ్లీట్, డిల్లన్ బ్రూక్స్ వచ్చారు. తర్వాత 41, ఆపైన 52. ఈ ఏడాది గ్రీన్‌ను, బ్రూక్స్‌ను, పదో ఎంపికను ఇచ్చి డ్యూరాంట్‌ను తెచ్చుకున్నారు. ఇంతలో వాన్‌వ్లీట్ మోకాలి లిగమెంటు తెగింది. గాయానికి ఏ గడి పెట్టాలో తోచక ఎరుపు రంగు వేసి వదిలేశాను.

డెట్రాయిట్ 2023-24లో వరుసగా 28 ఓడి, 14 గెలుపుల దగ్గర ఆగింది. మరుసటి ఏడు 44. కొత్త సూపర్‌స్టార్ ఎవరూ రాలేదు. టోబయాస్ హారిస్, బీజ్లీ, హార్డవే వచ్చి దూరం నుంచి బంతి వేయగలిగారు, కేడ్ కన్నింగ్‌హామ్‌కు లోపలికి దూసుకెళ్లే చోటు దొరికింది. నాకు అన్నిటికంటే నచ్చిన వరుస ఇదే.

అక్టోబరు

ఈ సీజన్‌లో షీటు వాషింగ్టన్ విజార్డ్స్ మీద. రెండేళ్లలో 15, 18 గెలుపులు. 2025 లాటరీకి ముందు కింది నుంచి రెండో స్థానం, వచ్చింది ఆరో ఎంపిక. మ్యాచ్‌లు చూడటానికి వేళలు: అక్కడ రాత్రి ఏడు అంటే మనకు నవంబరు మొదటి ఆదివారం దాకా తెల్లవారుజామున నాలుగున్నర, ఆ తర్వాత ఐదున్నర. ఆఫీసు ఉన్న రోజుల్లో పది నిమిషాల కుదింపు చాలు.

బిళాల్ కూలిబలీ బిల్లు 2027-28లో, అలెక్స్ సార్‌ది 2028-29లో, ట్రే జాన్సన్‌ది 2029-30లో. ముగ్గురివీ ఒక్కసారిగా రావు, థండర్‌కు లేని వెసులుబాటు ఇది. కాబట్టి ఈ ఏడాది గెలుపుల గడిని మూసేసి మూడు అంకెలే రాస్తున్నాను: సార్ మూడు పాయింట్ల షాట్ల శాతం, కూలిబలీ ఆడిన నిమిషాలు, అనుభవజ్ఞుడైన మెకాలమ్ ఒప్పందంలో మిగిలిన నెలలు.