నీళ్లబుడ్డి, కాల్చిన అప్పం, హోరేబు మెట్లు

కైరోలో పొద్దున్నే ఎక్కిన బస్సు సూయజ్ కాలువ కింద సొరంగం దాటి, సీనాయి ఎడారిలో చెక్‌పోస్టుకో పాస్‌పోర్టు తనిఖీ ముగించుకుని సెయింట్ కేథరిన్ ఊరు చేరేసరికి పొద్దుగూకుతుంది. సీనాయి కొండ ఎక్కడానికి రాత్రి ఒంటిగంటకు మళ్లీ లేవాలి. హోలీ ల్యాండ్ టూరుకు వచ్చే మన తెలుగువాళ్లు బాగా డీలాపడేది యెరూషలేములో కాదు, ఇక్కడే.

ఈ గుంపుల్లో పాస్టర్లు, పాస్టరమ్మలు, సండేస్కూలు టీచర్లు, నర్సులు ఎక్కువ. ఆదివారం మూడు ఊళ్లలో ఆరాధన, శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలకోసారి ఆల్‌నైట్ ప్రార్థన, మధ్యలో పెళ్లిళ్లు, సమాధి కార్యక్రమాలు. వీళ్ల అలసట బస్సు వల్ల వచ్చింది కాదు. అందుకే టూరు నడిపే మేము భోజనాల బల్ల దగ్గరే మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తెరుస్తాం. ఏలీయా ప్రవక్త బెయేర్షెబా ఊరు దాటి ఒక రోజు ప్రయాణం ఎడారిలోకి పోయి, ఇక చాలు, ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు అతన్ని గద్దించలేదు, ప్రసంగం చెయ్యలేదు, పడుకోనిచ్చాడు. దేవదూత తట్టి లేపి నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి చూపించాడు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది, తిను అన్నాడు. రెండు నిద్రలు, రెండు భోజనాలు అయ్యాకే హోరేబుకు, అంటే సీనాయి కొండకు, నలభై పగళ్లు, నలభై రాత్రుళ్లు నడిచాడు. పిలుపు సంగతి ఆ తర్వాత.

ఆ చెట్టు గురించి ఒక మాట. మన బైబిల్లో బదరీవృక్షం అని ఉంది. బదరి అంటే మనకు రేగు. హీబ్రూలో ఉన్న రోతెమ్ రేగు కాదు, ఎడారి వాగుల్లో పెరిగే పొద. ఆకులు దాదాపు ఉండవు, అన్నీ సన్నటి పుల్లలే. బస్సు కిటికీలోంచి చూస్తూ వస్తే కనబడుతుంది. దాని నీడ ఒక మనిషికి కూడా సరిగ్గా చాలదు. ఆ నీడలో పడి నిద్రపోయాడంటే ఎంత అలిసిపోయాడో తెలుస్తుంది.

కొండ కొలతలు ముందే తెలిసి ఉండాలి. స్థానికులు జెబెల్ మూసా (మోషే కొండ) అనే ఈ శిఖరం ఎత్తు 2,285 మీటర్లు. కింద సెయింట్ కేథరిన్ క్రైస్తవ మఠం దాదాపు 1,570 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి మనం ఎక్కేది 700 మీటర్ల పైచిలుకు. రెండు దారులున్నాయి. ఒంటెల బాట వెడల్పుగా, మెలికలు తిరుగుతూ పోతుంది. రెండోది సన్యాసులు పేర్చిన పశ్చాత్తాపపు మెట్ల దారి. పైదాకా 3,750 మెట్లని లెక్క. రాత్రిపూట ఒంటెల బాటే మేలు. రెండు దారులూ ఏలీయా పల్లం అనే చోట కలుస్తాయి. అక్కడినుంచి శిఖరానికి 750 మెట్లు అందరికీ తప్పవు, ఒంటె మీద వచ్చినవాళ్లకైనా సరే. ఈ సంగతి కింద చెప్పకపోతే పైన గొడవలవుతాయి.

ఇదే మోషే పది ఆజ్ఞల కోసం ఎక్కిన కొండ అని బైబిలు గుర్తులు పెట్టి చూపించలేదు, పండితుల్లో వేరే అభిప్రాయాలున్నాయి. కానీ 4వ శతాబ్దం చివర్లోనే ఎగేరియా అనే యాత్రికురాలు ఇక్కడికి వచ్చి ఎక్కింది. చుట్టూ తిరుగుతూ కాదు, గోడ ఎక్కినట్టు నిటారుగా ఎక్కాలని రాసిపెట్టింది. అప్పటికి ఒంటెల బాట లేదు మరి.

ఎక్కువ మంది చేసే మొదటి తప్పు ఉపవాసం. దేవుని కొండ కదా, ఖాళీ కడుపుతో ఎక్కుతానంటారు. షుగరున్నవాళ్లకు ఇది ప్రమాదం, లేనివాళ్లకు కూడా మూడో మెలిక దగ్గర కళ్లు తిరుగుతాయి. మోషే నలభై రోజులు తినలేదు కదా అంటే, దేవుడు పైకి పిలిచి ఉంచుకున్నాడు. ఏలీయాకు మాత్రం రెండుసార్లు తినిపించాకే పంపాడు. మనం ఏలీయా లెక్కలో వాళ్లం. రాత్రి ఏడింటికే తేలిగ్గా తిని ఎనిమిదికల్లా పడుకోవాలి. లేచాక ఒక అరటిపండు, నాలుగు ఖర్జూరాలు. సంచిలో లీటరున్నర నీళ్లు, ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్టు, పల్లీచిక్కీ. బీపీ, షుగరు మాత్రలు సూట్‌కేసులో కాదు, జేబులో.

రెండో తప్పు బట్టలు. మన ఆడవాళ్లు ఆరాధనకని తెల్లచీర కట్టుకుని వస్తారు. చీకట్లో రాతిమెట్ల మీద చీర అంచు చెప్పు కింద పడితే మనిషి ముందుకు తూలుతుంది, ఒంటె ఎక్కేటప్పుడు మరీ కష్టం. సల్వారు, పైన స్వెట్టరు, పట్టున్న బూట్లు. చీర సంచిలో పెట్టుకుంటే మఠంలో కట్టుకోవచ్చు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పైన సున్నా డిగ్రీల కిందికి పోతుంది, ఒక్కోసారి మంచు కూడా పడుతుంది. చలి కంటే చెమట పని పడుతుంది. ఎక్కేటప్పుడు తడిసిన కాటన్ బనీను శిఖరం మీద గాలి తగలగానే ఐసులా అంటుకుంటుంది. ఒక పొడి బనీను ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెచ్చుకుని చివరి టీకొట్టులో మార్చుకోండి. అక్కడ దుప్పట్లు అద్దెకిస్తారు.

ఒంటిగంటన్నరకు నడక మొదలవుతుంది. ఎడారి తెగల బెదూయిన్ గైడు లేకుండా పంపరు. ఈ కొండ జెబెలియా తెగవాళ్లది. మఠానికి కాపలాగా, పనికి రోమన్ చక్రవర్తి జస్టీనియన్ పంపినవాళ్ల సంతతి మేమని చెప్పుకుంటారు. మొదటి అరగంట బాట చదునుగానే ఉంటుంది, కుర్రాళ్లు పాట పాడుతూ ఉరుకుతారు. ఆ పాట రెండో టీకొట్టు దగ్గర ఆగిపోతుంది. అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లని ముందు పెట్టి మిగతావాళ్లు వాళ్ల వెనక నడవాలి. పక్కవాళ్లతో మాట్లాడుతూ నడవగలిగితే అదే సరైన వేగం. ఆయాసంతో మాట ఆగిపోతుంటే కాళ్లు కూడా ఆపాలి. ప్రతి నలభై నిమిషాలకు ఐదు నిమిషాలు నిలబడే విశ్రాంతి. కూర్చుంటే చలికి మోకాళ్లు పట్టేస్తాయి. తలకు కట్టే లైటు ఉంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. వెనకనుంచి ఒంటె వస్తే కొండవైపుకు ఒదగండి, లోయవైపుకు కాదు. ఒంటె అడుగు చప్పుడు రాదు, మెడ పక్కన ఊపిరి తగిలాకే తెలుస్తుంది.

అరవై దాటినవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మొదట్లోనే ఒంటె మాట్లాడుకోవాలి. ధర పైదాకానా, రానూపోనూనా అన్నది ఎక్కకముందే తేల్చుకోండి. గుండె జబ్బున్నవాళ్లు కింద ఉండిపోవడం ఓటమి కాదు. మోషేకు పిలుపు వచ్చింది కొండ మొదట్లో, మామ మందను మేపుతుంటే.

750 మెట్లు మెట్లలా ఉండవు. ఒకటి చీలమండ ఎత్తు, ఇంకోటి మోకాలెత్తు. యాభై యాభైగా లెక్కపెట్టుకుని ఎక్కమంటాం. పైన 1934లో కట్టిన చిన్న ప్రార్థనామందిరం, ఒక మసీదు ఉన్నాయి. నాలుగైదు భాషల పాటలు ఒకేసారి వినబడతాయి. మనవాళ్లు కూడా గొంతెత్తుతారు. శీతాకాలంలో ఆరున్నర ప్రాంతంలో సూర్యుడు పైకి వస్తుంటే ఎర్రరాతి కొండలు ఒక్కోటీ బయటపడతాయి, అందరి ఫోన్లూ పైకి లేస్తాయి. పిలుపు వినడానికి అది చోటు కాదనే నా అభిప్రాయం.

దానికి దిగేటప్పుడు ఏలీయా పల్లంలో ఆగాలి. గుంపులన్నీ టిఫిను కోసం దిగిపోతాయి కాబట్టి ఏడున్నరకు అక్కడ సందడి ఉండదు. ఒక ముసలి సైప్రస్ చెట్టు, ఏలీయా, ఎలీషాల పేరిట తాళం వేసిన చిన్న గుడి. రాళ్ల మీద అరగంట కూర్చుంటాం. హోటలువాళ్లిచ్చిన డబ్బా తెరిచి తింటాం, నీళ్లు తాగుతాం, ఆ తర్వాతే మిగతా అధ్యాయం చదువుతాం. గాలి, భూకంపం, మెరుపు, ఆ తర్వాత మిక్కిలి నిమ్మళమైన స్వరం. ఇచ్చట నీవేమి చేయుచున్నావు అన్న ప్రశ్న రెండుసార్లు వస్తుంది. ఏలీయా రెండుసార్లూ ఒకే జవాబు అప్పజెప్పాడు, నేనొక్కణ్ణే మిగిలానని. దేవుడు వాదించకుండా పని చెప్పాడు. వచ్చిన దారిన తిరిగి వెళ్లు, హజాయేలును, యెహూను రాజులుగా అభిషేకించు, నీ స్థానంలో ఎలీషాను ప్రవక్తగా అభిషేకించు, బయలు దేవతకు మోకరించనివాళ్లు ఇంకా ఏడువేలమంది ఉన్నారు. అలసినవాడికి వచ్చిన పిలుపులో సగం పని పంచిపెట్టమనే.

ఇక్కడ ఒక చిన్న కాగితం మీద మూడు రాయమంటాం. ఊరికి వెళ్లాక ఏ పని నా చేతిలోనే ఉండాలి, ఏ పని ఎవరికి అప్పగించాలి, వారంలో నాకు నిద్రకు ఏ రోజు. రెండో ప్రశ్న దగ్గర పాస్టర్ల పెన్ను చాలాసేపు ఆగుతుంది.

ఏలీయా పల్లం నుంచి మెట్లదారిన దిగితే నీడ, అందం రెండూ ఉంటాయి. కానీ మూడువేల మెట్లు దిగడం ఎక్కడం కంటే మోకాళ్లను ఎక్కువ తినేస్తుంది, మర్నాడు బస్సెక్కలేరు. అనుమానముంటే ఒంటెల బాటే. మఠం తలుపులు తొమ్మిదికి తెరిచి మధ్యాహ్నానికి మూసేస్తారు. శుక్రవారం తెరవకపోవచ్చు, ఆదివారం, ఆర్థడాక్స్ పండుగరోజుల్లో అసలు తెరవరు కాబట్టి టూరు తేదీలు దీన్నిబట్టే వేసుకోవాలి. 6వ శతాబ్దంలో జస్టీనియన్ కట్టించిన గోడల లోపల, దేవుడు మోషేను పిలిచిన మండిన పొద అని చూపించే ముళ్లపొద ఉంది. ఆకు తుంచకండి. ఆలయంలో గర్భగుడి పైన మొజాయిక్‌లో రూపాంతరం పొందిన యేసు ప్రభువు, ఆయనకు చెరోపక్క మోషే, ఏలీయా. ఒకరు నేనెంతటివాణ్ణని వెనక్కి జంకినవాడు, ఇంకొకరు ఇక చాలని పొద కింద పడుకున్నవాడు. లోపల ఫోటోలు తియ్యనివ్వరు, కాబట్టి అందరూ తలెత్తి కాసేపు చూస్తారు. తర్వాత బయట అరుగు మీద కూర్చుని బూట్లలోంచి ఇసుక దులుపుకుంటారు.