వైవిధ్యాల చాప్టర్: లెక్కపెట్టారా, కొలిచారా?

జెనెటిక్స్‌లో మొదటి అటెంప్ట్‌లో నాకు మార్కులు పోయింది మెండెల్ దగ్గర కాదు, వైవిధ్యాల లెక్కల దగ్గర. ఫార్ములాలన్నీ నోటికి వచ్చు. డేటా ఇచ్చేసరికి దేనికి ఏది వాడాలో తోచలేదు. రక్త గ్రూపుల పట్టికకు సగటు కట్టబోయి పదిహేను నిమిషాలు పోగొట్టుకున్నాను. రెండోసారి ఈ చాప్టర్‌ను వేరే దారిలో చదివాను. మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

పట్టిక కనబడగానే ఒక్కటే అడగండి: వీటిని లెక్కపెట్టారా, కొలిచారా? ఎ, బి, ఎబి, ఓ గ్రూపుల్లో మనిషి ఏదో ఒకదానిలో ఉంటాడు, మధ్యలో ఉండడు. ఇది విచ్ఛిన్న వైవిధ్యం. తలలు లెక్కపెట్టి, కమ్మీలు విడివిడిగా ఉండే బార్ గ్రాఫ్ గీస్తాం. ఎత్తు, బరువు, ఆకు పొడవు అవిచ్ఛిన్నం. వీటికి హిస్టోగ్రామ్, కమ్మీలు ఆనుకునే ఉండాలి.

లెక్కపెట్టిన డేటాకు కై-స్క్వేర్, అంటే వచ్చిన సంఖ్యలు ఊహించిన నిష్పత్తికి సరిపోతున్నాయా అని చూసే పరీక్ష. మెండెల్ బఠాణీ అంకెలతోనే సాధన చేయండి: 5474 గుండ్రని గింజలు, 1850 ముడతల గింజలు. 3:1 ప్రకారం రావాల్సినవి 5493, 1831. తేడా 19. కై-స్క్వేర్ విలువ సుమారు 0.26, దాటకూడని హద్దు 3.84. కాబట్టి 3:1 అన్న ఊహను తోసిపుచ్చనక్కర్లేదు. దీనికి అంతకన్నా సమయం పెట్టకండి.

అసలు సమయం పెట్టాల్సింది కొలిచిన డేటాకు. నేను ఒకే చెట్టు ఆకులు యాభై కోసి స్కేలుతో కొలిచాను. సగటు, స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) చేత్తో కట్టాను. నమూనా కాబట్టి ఎన్‌తో (కొలిచిన ఆకుల సంఖ్యతో) కాదు, ఎన్ మైనస్ ఒకటితో భాగించాలన్నది అప్పుడే మనసుకెక్కింది. ఏనుగుల బరువులో తేడాలను ఎలుకల బరువులో తేడాలతో పోల్చమంటే మాత్రం డీవియేషన్‌ను సగటుతో భాగించి శాతంగా రాయాలి. ఏనుగుల డీవియేషన్ ఎలాగూ పెద్దదే కదా.

ఆకులు కొలుస్తుండగా ఇంకో సంగతి తట్టింది. చెట్టు ఒకటే, జన్యువులూ దాదాపు ఒకటే. అయినా ఆకుల్లో ఇంత తేడా! అది ఎండ, నీరు, కొమ్మ మీద చోటు, ఆకు వయసు వల్ల వచ్చింది. 1903లో డెన్మార్క్ శాస్త్రవేత్త యోహాన్‌సెన్ చిక్కుడు గింజల్లో చూపించింది ఇలాంటిదే. స్వపరాగ సంపర్కంతో వచ్చిన ఒకే శుద్ధ వంశక్రమంలో (జన్యువులు ఒకేలా ఉండే మొక్కల వరుసలో) బరువైన గింజలు నాటినా, తేలికవి నాటినా, పిల్ల గింజల సగటు మారలేదు. నాకు ఈ చాప్టర్ మొత్తంలో అన్నిటికన్నా అందమైన ప్రయోగం ఇదే. పుస్తకాలు రెండు వాక్యాల్లో దాటేస్తాయి, మీరు దాటకండి.

ఇది అర్థమైతే వేరియన్స్‌ను (స్టాండర్డ్ డీవియేషన్ వర్గాన్ని) జన్యువుల వాటా, పరిసరాల వాటాగా విడదీయడం బట్టీ పట్టక్కర్లేదు. రెండు శుద్ధ వంశక్రమాలను సంకరం చేస్తే ఎఫ్1 (మొదటి తరం) మొక్కలన్నిటి జన్యురూపం ఒకటే. కనుక వాటిలో కనిపించే వేరియన్స్ పరిసరాలది. ఎఫ్2లో (ఎఫ్1 మొక్కల పిల్లల తరంలో) జన్యువులు విడిపోతాయి కాబట్టి రెండూ కలిసి ఉంటాయి. ఎఫ్1లో 8, ఎఫ్2లో 20 ఇచ్చారనుకోండి. జన్యుపరమైనది 12, విస్తృతార్థ హెరిటబిలిటీ (మొత్తం వేరియన్స్‌లో జన్యుపరమైన వాటా) 12 బై 20, అంటే 0.6.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. 0.6 అంటే ఒక మొక్క ఎత్తులో అరవై శాతం జన్యువుల వల్ల వచ్చిందని కాదు. ఆ సమూహంలో, ఆ పరిసరాల్లో, మొక్కల మధ్య తేడాల్లో అరవై శాతం జన్యుపరమైనదని మాత్రమే. పొలం మారితే అంకె మారవచ్చు.

రెండో అటెంప్ట్‌లో, శుద్ధ వంశక్రమంలో గింజ బరువుకు హెరిటబిలిటీ ఎంత అని అడిగారు. సున్నా అని రాసి, గింజ బరువును జన్యువులు నియంత్రించవని దీనికి అర్థం కాదని, ఆ వంశక్రమంలో జన్యువుల తేడా లేదని మాత్రమేనని పక్కనే వివరించాను.