తిరగబడ్డ ఫొటో

రెండు రాత్రులు నా నిద్ర చెడగొట్టిన ఫొటో ఇది. పోర్ట్స్‌మత్‌లో పాత సామాన్ల సంతలో రెండు పౌండ్లకు కొన్నాను. వెనక ‘ట్రింకోమలీ, 1944’ అని పెన్సిల్ రాత. ట్రింకోమలీ అంటే శ్రీలంకలోని రేవు. బ్రిటిష్ సబ్‌మెరైన్ అని తెలుస్తోంది కానీ పేరు లేదు, నంబరూ కనబడదు.

మొదట ఎస్ క్లాస్ రకం సబ్‌మెరైన్ అనుకున్నా. అవి 66 మీటర్లే. డెక్ మీద నిలబడ్డ మనిషిని కొలబద్దగా పెట్టుకుని లెక్కేస్తే 80 దాటింది. అంటే టి క్లాస్. అవేమో యాభైకి పైగా కట్టారాయె!

చివరికి దారి చూపింది దాని గాయమే. పక్క రేకు వరసగా చీరేసినట్టు ఉంది. అలాంటి దెబ్బ తిన్నది టాలీ హో అనే టి క్లాస్ సబ్‌మెరైన్. 1944 జనవరి 11న పెనాంగ్ దగ్గర జపాన్ క్రూయిజర్ కుమాను ముంచింది. మరుసటి నెలలో మలక్కా జలసంధిలో జపాన్ టార్పెడో బోటు ఒకటి దీన్ని ఒరుసుకుపోతూ ప్రొపెల్లర్లతో ఎడమవైపు బ్యాలస్ట్ ట్యాంకులను (మునగడానికి నీళ్లు నింపి, తేలడానికి ఖాళీ చేసే ట్యాంకులు) చీల్చేసింది. అయినా ట్రింకోమలీకి తిరిగి చేరింది, మొండి ఘటం!

కానీ నా ఫొటోలో దెబ్బ కుడివైపుంది. మళ్లీ మొదటికొచ్చిందనుకుని టెన్షన్. భూతద్దం పెట్టి వెతికితే ఒక నావికుడి టోపీ మీద అక్షరాలు తిరగబడి ఉన్నాయి. ప్రింట్ వేసినవాడు నెగటివ్‌ను తిరగేసి పెట్టాడన్నమాట!

అర్ధరాత్రి ఫొటోను అద్దం ముందు పట్టుకుని నవ్వుతుంటే మా ఆవిడ లేచి లైటు వేసింది.