ఊటీకి గుంపుగా వెళ్ళాం: సగం మందికి ఎక్కే రైలు, సగం మందికి దిగే రైలు

చెన్నైలో పెరంబూరు వైపు మా వీధిలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. తాతల కాలంలోనే ఇక్కడ స్థిరపడినవాళ్ళు కొందరు, నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్ళు కొందరు. ఏటా కార్తీక వనభోజనాలు కలిసి చేసుకుంటాం. ఈసారి ఆ విస్తళ్ళ దగ్గరే పెద్దవాళ్ళు ఊటీ కొండ రైలు మాట ఎత్తారు. "కాళ్ళాడుతున్నప్పుడే ఒకసారి ఎక్కించమ్మా" అని ఎదురింటి బాబాయిగారు అడిగితే కాదనలేకపోయాను. మొత్తం 24 మందిమి తేలాం. అందులో డెబ్బై దాటినవాళ్ళు ఆరుగురు, బడిపిల్లలు ఐదుగురు.

ముందు ఒక టూర్ ఏజెంటును అడిగాం. ఆయన ఇచ్చిన కాగితంలో దొడ్డబెట్ట, పైకారా, షూటింగ్ స్పాట్, బోటు హౌస్, రోజ్ గార్డెన్, టీ ఫ్యాక్టరీ, సిమ్స్ పార్క్, డాల్ఫిన్స్ నోస్ అన్నీ రెండు రోజుల్లో సర్దేశారు. సాయంత్రానికి క్యాంప్ ఫైర్, డీజే, "తోడా డాన్స్" (తోడాలంటే నీలగిరి కొండల ఆదివాసులు). రైలు మాత్రం "టికెట్లు దొరికితే చూద్దాం" అని అడుగున ఉంది. మేం వెళ్ళేదే ఆ రైలు కోసం! పైగా అన్ని చోట్ల బండి దిగి ఎక్కడానికే మోకాళ్ళ నొప్పులవాళ్ళకు పొద్దంతా సరిపోతుంది. ఏజెంటుకు నమస్కారం పెట్టి, మనమే చూసుకుందామని నిర్ణయించుకున్నాం.

అన్నిటికంటే టెన్షన్ పెట్టింది టికెట్లే. ఐఆర్‌సీటీసీలో ఒక టికెట్టు మీద ఆరుగురికి మించి బుక్ చేయలేం. రిజర్వేషన్ 60 రోజుల ముందు, ఉదయం 8 గంటలకు తెరుచుకుంటుంది. చెన్నై సెంట్రల్ నుంచి, కొండ కింద ఉన్న మెట్టుపాళయం వెళ్ళే నీలగిరి ఎక్స్‌ప్రెస్‌లో అందరికీ బెర్తులు దొరికాయి. రాత్రి ఆ బండి ఎక్కితే తెల్లవారేసరికి మెట్టుపాళయం, అక్కడ ఏడు దాటాక కొండ రైలు. చెన్నైవాళ్ళకు ఇంతకన్నా అనువైన ఏర్పాటు లేదు. కానీ కొండ రైలు చిన్నది, సీట్లు తక్కువ. నలుగురం నాలుగు ఫోన్లు పట్టుకుని కూర్చుంటే రెండు టికెట్లు ఖాయమయ్యాయి, మిగతా రెండూ వెయిటింగ్ లిస్టులో పడ్డాయి. అంటే పన్నెండు మందికి రైలు ఉంది, పన్నెండు మందికి లేదు.

అప్పుడు మా మూడో అంతస్తు అక్క అంది: "పైకి దొరక్కపోతే కిందికి చూడు." ఊటీ నుంచి మధ్యాహ్నం 2 గంటలకు బయల్దేరి మెట్టుపాళయం దిగే రైలుకు ఎక్కే రైలుకున్నంత గిరాకీ ఉండదు. రెండు రోజుల తర్వాత ఆ తేదీకి బుకింగ్ తెరవగానే పన్నెండు సీట్లూ వచ్చేశాయి. గుంపుగా వెళ్ళాలనుకునేవాళ్ళకు నేను మొదట చెప్పే మాట ఇదే.

ఇక ఎవరు ఎక్కాలి, ఎవరు దిగాలి? దీని మీద ఇంట్లో ఇంట్లో చర్చ జరిగింది. ఈ రైలు బోగీల్లో టాయిలెట్ ఉండదు, స్టేషన్లలో ఆగినప్పుడే దిగాలి. ఎక్కడానికి దాదాపు ఐదు గంటలు పడితే, దిగడానికి మూడున్నర గంటలు చాలు. సుగర్ ఉన్న పెద్దవాళ్ళకు దిగే రైలే మేలని తేల్చాం. పిల్లలూ, వాళ్ళ అమ్మానాన్నలూ, నేనూ ఎక్కే రైలు. అత్తయ్యగారొకరు కొంచెం నొచ్చుకున్నారు. "దిగేటప్పుడూ లోయ కనిపిస్తుంది అత్తయ్యా, మీకే కిటికీ సీటు" అని మాటిచ్చాక గానీ ఊరుకోలేదు.

రెండోది ఈ-పాస్, అంటే ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీ, కొడైకెనాల్‌కు వెళ్ళే బయటి వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి చేశారు. రైల్లోనో, ప్రభుత్వ బస్సులోనో వెళ్ళేవాళ్ళకు ఆ గొడవ లేదు. మేం చెన్నై నుంచి బండి తీసుకెళ్ళకుండా, నీలగిరి రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాను మాట్లాడుకున్నాం. టీఎన్ 43 నంబరు ప్లేటు అంటే అక్కడి స్థానిక వాహనం. డ్రైవరుకు కొండ మలుపులన్నీ కొట్టిన పిండి. మెట్టుపాళయం నుంచి ఊటీ దారిలోని కూనూరుకు 14 హెయిర్‌పిన్ మలుపులున్న ఘాట్ రోడ్డు మీద అలాంటి చేయి ఉండాలి.

నీలగిరిలో ప్లాస్టిక్ మీద గట్టి నిషేధం ఉంది. చెక్‌పోస్టులో సంచులు చూస్తారు. అందుకని అందరికీ స్టీలు సీసాలే తెచ్చుకోమన్నాం. పులిహోర, చపాతీలు అరిటాకుల్లో కట్టాం. హోటలు గదుల విషయంలో కింది అంతస్తు, వెస్టర్న్ టాయిలెట్, వేడినీళ్ళు వచ్చే వేళలు, ఈ మూడూ ఫోన్లోనే అడిగి రాయించుకున్నాం.

మాఘమాసపు చలిలో మెట్టుపాళయం ప్లాట్‌ఫాం మీద దిగగానే పిల్లలు ఇంజను కోసం ముందుకు పరిగెత్తారు. అక్కడ ఇంజను లేదు! స్విట్జర్లాండ్ నమూనా ఎక్స్ క్లాస్ ఆవిరి ఇంజను బోగీల వెనక ఉండి, రైలును కొండ మీదికి నెడుతుంది. కల్లారు స్టేషన్ దాటాక అసలు పని మొదలవుతుంది. అక్కడి నుంచి కూనూరు దాకా రెండు పట్టాల మధ్యలో పళ్ళున్న ఇనుప బద్దెలు వేసి ఉంటాయి. ఇంజను కింద ఉన్న పళ్ళ చక్రం వాటిలో దిగి, పన్ను పన్నుకూ పట్టుకుంటూ పైకి పోతుంది. కొన్నిచోట్ల 12 అడుగులు ముందుకు వెళితే ఒక అడుగు ఎత్తు పెరిగేంత వాలు. అంత వాలులో మామూలు రైలు చక్రం జారిపోతుంది. ఆ పట్టు పడ్డప్పుడు బోగీ అడుగు నుంచి ఒక గరగర శబ్దం పైకి వస్తుంది, అరికాళ్ళకు తెలుస్తుంది. మా ఎనిమిదేళ్ళ పిల్లవాడు చెప్పులు విప్పేసి, పాదాలు నేలకు ఆనించి కూర్చున్నాడు.

46 కిలోమీటర్ల దారిలో 208 మలుపులు, 250 వంతెనలు, 16 సొరంగాలు. మెట్టుపాళయం నుంచి కూనూరుకు 1899లో, ఊటీ దాకా 1908లో లైను పడింది. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీ అంతా ఒకటే కేకలు. ఇంజనుకు నీళ్ళు పట్టడానికి ఆగినచోటల్లా అందరూ దిగడమే. హిల్‌గ్రోవ్ స్టేషన్లో టీ తాగుతుంటే కోతులు మా అరిటాకు పొట్లాల మీదే కన్నేశాయి. కూనూరులో ఆవిరి ఇంజనును తీసి డీజిల్ ఇంజను తగిలించారు. వ్యానులో వచ్చినవాళ్ళు అప్పటికే కూనూరులో 1874 నాటి సిమ్స్ పార్కు తీరిగ్గా చూసి, మాకంటే ముందే ఊటీ చేరారు.

సాయంత్రపు వినోదం మేమే చేసుకున్నాం. డీజే వద్దనడానికి కారణం పెద్దవాళ్ళ నిద్ర ఒక్కటే కాదు. చప్పుడు పెడితే పిల్లలు, పెద్దలు చెరో మూలకు పోతారు, ఒకరి పాట ఒకరు వినే వీలుండదు. హోటలు హాల్లో దుప్పట్లు కప్పుకుని ముందు హౌసీ ఆడాం. తర్వాత పిల్లలు పొడుపు కథలు వేశారు. ఆ తర్వాత బాబాయిగారు పౌరాణిక నాటకాల్లోని కృష్ణుడి పద్యాలు ఎత్తుకున్నారు. మంకీ క్యాప్‌తోనే రాగం తీస్తుంటే పక్క గదులవాళ్ళు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వయసులో ఉన్నప్పుడు ఆయన గూడూరు దగ్గర వేషాలు కట్టేవారట. ఇన్నేళ్ళుగా ఎదురింట్లో ఉంటున్నా ఆ గొంతు నేను వినడం అదే మొదలు.

మర్నాడు రెండే చోట్లకు వెళ్ళాం, బొటానికల్ గార్డెన్, సెయింట్ స్టీఫెన్స్ చర్చి. 1831లో తెరిచిన ఆ చర్చి కప్పు దూలాలు శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ భవనం నుంచి తెచ్చినవి. మద్రాసు ప్రెసిడెన్సీకి ఊటీ వేసవి రాజధాని. అంటే మా నెల్లూరు, చిత్తూరు జిల్లాల మీద నిర్ణయాలు కూడా ఎండాకాలంలో ఈ కొండ మీదే జరిగేవి. ఆ మాట చెబితే మావయ్యగారు ఊరంతా కొత్తగా చూశారు. 1848 నాటి బొటానికల్ గార్డెన్‌లో రాయిగా మారిన చెట్టు మాను ఉంది. దాని వయసు రెండు కోట్ల ఏళ్ళని బోర్డు చదివి పిల్లలు నోరు తెరిచారు.

తోట పై చివర తోడాల "మండ్" ఉంది, అంటే వాళ్ళ వాడ. నడవగలిగినవాళ్ళం ఎక్కాం. సగం పీపాను బోర్లించినట్టుండే గడ్డి ఇల్లు, వంగి పాకితే తప్ప దూరలేనంత చిన్న గుమ్మం. వాళ్ళు పవిత్రంగా చూసుకునే చోట్లకు మనం పోకూడదు, దూరం నుంచే దండం పెట్టుకున్నాం. ఒక పెద్దావిడ గుమ్మం పక్కన కూర్చుని తోడాలు కప్పుకునే పూతుకుళి శాలువా కుడుతోంది. తెల్లటి ముతక నూలు గుడ్డ, ఎరుపు, నలుపు దారాలు. గుడ్డ మీద పెన్సిలు గీత లేదు, చట్రం లేదు. సూది మొనతో గుడ్డ పోగులు లెక్కపెట్టుకుంటూ, అన్ని పోగులు వదిలి ఒక కుట్టు వేస్తోంది. తిప్పి చూపిస్తే వెనక వైపు కూడా అంతే శుభ్రంగా ఉంది. ఈ కుట్టుపనికి 2013లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. పనిచేసుకుంటున్న ఆమెను చూశాక, వాళ్ళ ఆటపాటల్ని మన క్యాంప్ ఫైర్ ముందు పెట్టించుకోకపోవడం మంచిదయిందనిపించింది. వాళ్ళ పండక్కి వాళ్ళు ఆడే ఆట అది, మన భోజనం వేళకు కాదు. మా అక్క ఒక శాలువా బేరం ఆడకుండా కొనుక్కుంది.

మూడో రోజు పెద్దవాళ్ళను 2 గంటల రైలెక్కించి, అత్తయ్యగారిని మాటిచ్చినట్టే కిటికీ దగ్గర కూర్చోబెట్టి, సామానుతో మేం వ్యానులో దిగాం. మెట్టుపాళయంలో కలిసేసరికి అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. బోగీ బ్రేకు చూసుకునే బ్రేక్స్‌మన్‌తో అత్తయ్యగారు దారంతా తమిళంలో కబుర్లు చెప్పారట. రాత్రి బండికి ఇంకా చాలా టైం ఉంది. వెయిటింగ్ హాల్లో కూర్చుని ఖర్చు లెక్కలన్నీ చదివి, మిగిలిన డబ్బు తలా ఇంత అని అక్కడికక్కడే పంచేశాను. బాబాయిగారు మాత్రం తన వాటా వెనక్కి తీసుకోలేదు, "కొడైకెనాల్‌కు అడ్వాన్సు" అన్నారు.